గద్దలకు తెలిసిన కోటు

ఆ విమాన స్థావరం చరిత్ర అంతా ఒక చెక్కబోర్డు మీద ఉంది. ఆఫీసు వరండాలో, మంచినీళ్ల డ్రమ్ము పక్కన. మొత్తం పదకొండు వాక్యాలు. యుద్ధం రోజుల్లో నాలుగు నెలల్లో రన్‌వే పరిచారని మొదటి వాక్యం. యుద్ధం కాగానే వదిలేసి పోయారని రెండోది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు అందులో మేకలు మేశాయని బోర్డు మీద రాయలేదు గానీ అందరికీ తెలుసు. మళ్లీ తెరవడం, రన్‌వేను తొమ్మిది వేల అడుగులకు పొడిగించడం, భూమిలో ఇంధనం ట్యాంకులు పాతడం, కంట్రోల్ టవరు మీద ఇంకో అంతస్తు లేపడం, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. తొమ్మిదో వాక్యం ఒక్కటే మనిషి గురించి.

"పక్షుల కాపలాదారు విధి నిర్వహణలో నిద్రపోయిన కారణంగా రవాణా విమానం ప్రమాదానికి గురికాగా, ఫైరింజను డ్రైవరు ఒకరు మరణించారు."

ఆ కాపలాదారు పధ్నాలుగేళ్లుగా రోజూ ఆ బోర్డు పక్కనుంచే నడిచి వెళ్లి హాజరు పట్టీలో సంతకం పెట్టేవాడు. చనిపోయిన డ్రైవరు అతని బావమరిది. అతను నిద్రపోలేదు.

ఇంట్లో పెట్టిన పేరు అతనికీ ఒకటుంది. వాడేవాళ్లు లేక తుప్పుపట్టింది. స్థావరంలో అందరికీ అతను పిట్టలదొర. ఆ పేరు తగిలించింది మెస్ మేనేజరు. తగిలించినవాడి నోట్లో అది పేరులా ఉండేది కాదు, ఉమ్మినట్టుండేది.

అక్కడికి దగ్గరి ఊరు తొంభై కిలోమీటర్లు. వారానికోసారి సామాను లారీ వస్తుంది. చుట్టూ చూపు ఆనినంత మేర చదును, ఎండిన గడ్డి, గాలి. మూడు రేకుల హ్యాంగర్లు, అందులో ఒకదాంట్లో విమానాల బదులు విరిగిన కుర్చీలు. రెండు ఎర్ర బళ్లున్న ఫైరు షెడ్డు. రోజూ పొద్దున బెలూను ఎగరేసి గాలి వాటం రాసుకునే వాతావరణం గది. ఎదురెదురుగా రెండు వరసల్లో ఇరవైరెండు క్వార్టర్లు. ఏడో నంబరు పిట్టలదొరది. రన్‌వే పక్కన కొయ్య మీద గాలి ఎటు వీస్తోందో చూపే నారింజ, తెలుపు చారల గుడ్డ సంచి ఉంటుంది కదా, దాన్ని కుట్టేది అతని భార్యే. ఆ గాలికి నాలుగు నెలలకోసారి అది పీలికలైపోతుంది. ఆమె కొత్తది కుడుతుంది.

అతని పని తెల్లవారుతూనే మొదలయ్యేది. పైకప్పు లేని జీపులో రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లి, ఏ పిట్ట ఎక్కడ వాలిందో టవరుకి రేడియోలో చెప్పాలి. గడ్డి జానెడు దాటితే కోయించాలి, మరీ పొట్టిగా కోస్తే తీతువులు దిగుతాయి. మందుగుండు పేల్చాలి. అన్నిటికీ మొండికేసిన పిట్టను తుపాకీతో కొట్టాలి. రన్‌వే దీపాల తీగల్ని ఎలుకలు కొరికేస్తాయి కాబట్టి ఎలుకబోనులూ అతనివే. ఇవి కాక, ఎవరూ చెప్పని పని ఒకటి చేసేవాడు. కొట్టిన ప్రతి పిట్ట గొంతు కింది సంచిని చాకుతో కోసి, ఏం తిన్నదో చూసి పుస్తకంలో రాసుకునేవాడు. మిడతలు దొరికితే గడ్డి పెరిగిందని లెక్క. పురుగులు దొరికితే నీళ్లు నిలిచాయని లెక్క. "మనిషిని అడిగితే పది చెప్తాడు. పిట్ట సంచిలో ఉన్నదొక్కటే" అనేవాడు.

పధ్నాలుగేళ్ల కిందటి ఆ పొద్దున, అతను ఉత్తరం కొసన తీతువుల గుంపును తోలుతున్నాడు. దక్షిణం కొసన విమానం పైకి లేచింది. లేచిన క్షణంలోనే ఒక గద్ద ఇంజనులోకి దూసుకుపోయింది. విమానం పొట్ట మీద పడి, రన్‌వే దాటి, మట్టిలో జారుకుంటూ ఆగింది. లోపలివాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. వాళ్ల కోసం ఫైరింజను తోలుకుంటూ వెళ్లిన బావమరిది బయటపడలేదు. రన్‌వే చివరి కాలవ గట్టు మీద చక్రం జారి బండి బోర్లాపడింది.

పిట్టలదొర వెళ్లేసరికి బండి చక్రాలింకా గాల్లో తిరుగుతున్నాయి. వాటికి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.

మెతుకులెక్కడివంటే, మెస్సువి. ఎంగిళ్లు పారబోసే గొయ్యి కంచె అవతల నాలుగు కిలోమీటర్ల దూరంలో తవ్వించారు. అంతదూరం ఎవడు పోతాడని మేనేజరు వాటిని రన్‌వే చివరి కాలవలో కుమ్మరిస్తున్నాడు. పిట్టలదొర అంతకుముందు రెండుసార్లు వెళ్లి మొత్తుకున్నాడు.

"పిట్టల్ని తోలడం నీ పని, ఎంగిళ్లు పారబోయడం నా పని. ఎవడి పని వాడు చేసుకుంటే దేశం బాగుపడుతుందయ్యా" అన్నాడు మేనేజరు, పళ్లు కుట్టుకుంటూ.

విచారణలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. మేనేజరు గంజిపెట్టిన తెల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని సాక్ష్యం చెప్పాడు. "నేను కళ్లారా చూశాను సార్. జీపు నీడలో పడుకుని ఉన్నాడు. తుపాకీ ఒళ్లో ఉంది. పాపం, అలిసిపోయాడేమో సార్. మనిషి మంచోడే."

అబద్ధం కన్నా ఆ 'పాపం' ఎక్కువ మండింది. పిట్టలదొర ఆ కాలవ దగ్గరే కొట్టిన ఇంకో గద్ద గొంతుసంచిని గాజుసీసాలో పెట్టి తెచ్చాడు. ఉడికిన కొవ్వు ముక్క, పిడికెడు అన్నం. పెద్ద అధికారి చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "తీసెయ్ దాన్ని" అన్నాడు. తీసేశాడు. రెండేళ్లు తుపాకీ ముట్టుకోవద్దన్నారు, హోదా ఒక మెట్టు దించారు, బోర్డు మీద వాక్యం రాయించారు. కాలవను మాత్రం గుట్టుచప్పుడు కాకుండా పూడ్చేశారు.

అదంతా ఒక ఎత్తు. తమ్ముణ్ని పూడ్చి వచ్చిన మూడోరోజు భార్య అడిగిన మాట ఒక ఎత్తు.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. కళ్లు మూతపడ్డాయా?"

"లేదు."

"రెప్పపాటైనా?"

"లేదే."

ఆమె మళ్లీ అడగలేదు. నమ్మానని కూడా అనలేదు. ఆ తర్వాత వాళ్లు కలిసే తిన్నారు, కలిసే నవ్వారు, జ్వరాలొస్తే ఒకరికొకరు కాపలా ఉన్నారు. కానీ ఆ ప్రశ్న ఇంట్లో మూడో మనిషిలా ఒక మూల కూర్చునే ఉంది.

పదకొండేళ్లు ఓర్చుకున్నాడు. ఏడు అర్జీలు పెట్టాడు. ఏడింటికీ ఒకటే జవాబు, ఫైలు మూసేశాం. ఈలోగా మేనేజరుకి ఉత్తమ మెస్ బహుమతి వచ్చింది, వరస చివర మేడ ఉన్న ఇరవైరెండో నంబరు క్వార్టరు వచ్చింది, పొట్ట వచ్చింది. పెళ్లాం పిల్లలు ఊళ్లో, తనొక్కడే ఇక్కడ. దేనికీ లోటు లేదు.

మూడేళ్ల కిందట ఎవరో అతిథులొచ్చారు. వాళ్లకి స్థావరం చూపిస్తూ మేనేజరు మెస్ గుమ్మంలో నిలబడి, జీపులో పోతున్న ఇతన్ని పిలిచాడు. "రావయ్యా దొరా! ఇదిగోనండీ, మా పిట్టలదొర. నిద్రలో కూడా గద్దల్ని తోలగలడు!" అందరూ పడీ పడీ నవ్వారు. పిట్టలదొర కూడా నవ్వాడు. నవ్వి, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే భార్యతో అన్నాడు.

"నాకో తెల్లకోటు కుట్టు."

"నీకెందుకు తెల్లకోటు?"

"మేనేజరు వేసుకునేలాంటిది. జేబు మీద ఎర్రగీత కూడా ఉండాలి."

ఆమె కుట్టుమిషను ఆపి అతని మొహంలోకి చూసింది. ఎందుకని రెండోసారి అడగలేదు. గాలిసంచికి తెచ్చిన తెల్లగుడ్డలో మిగులు తీసి రెండు రోజుల్లో కుట్టి చేతికిచ్చింది.

"ఇదేంటే, ముందరింత ఉబ్బెత్తుగా ఉంది?"

"పొట్ట దగ్గర దూది కూరాను. గద్దకి చూపు బాగా ఆనుతుందని నువ్వేగా చెప్పావు."

పిట్టల్ని తోలడం తెలిసినవాడికి పిలవడం కూడా తెలుస్తుంది. పొద్దున పదకొండింటికి మేనేజరు మెస్సులో ఉంటాడు. మగవాళ్లందరూ పనుల్లో ఉంటారు. ఆ వేళకి పిట్టలదొర కోటు వేసుకుని, వెనకవైపు మెట్ల మీదుగా ఇరవైరెండో నంబరు మేడ ఎక్కేవాడు. ఒక పొడుగు ఈల, రెండు పొట్టి ఈలలు. బోనులో పడ్డ ఎలుకల్ని ఒక్కోదాన్నే గాల్లోకి విసిరేవాడు. భార్య కింద బట్టలారేస్తూ ఉండేది. ఎవరైనా వస్తే ఆమెకి దగ్గు వచ్చేది.

మొదటి పది రోజులు ఏమీ రాలేదు. తర్వాత తోక ఈకలు ఊడిన ముసలి గద్ద ఒకటి వచ్చింది. నెలకి తొమ్మిదయ్యాయి. వర్షాలు వెనకబట్టేసరికి నలభై. ఒకరోజు కావాలనే ఉత్త చేతులతో వెళ్లి నిలబడ్డాడు. ఈల కూడా వేయలేదు. గద్దలు కోటును చూసి నెత్తిమీదికి దిగాయి. చెవి తమ్మె చిరిగింది. నెత్తురు తుడుచుకుంటూ కిందికి దిగి, "పంట కోతకొచ్చిందే" అన్నాడు.

మర్నాడు మేనేజరు మెస్సుకి బయల్దేరాడు. వీధి సగం దాటాడో లేదో, మొదటి గద్ద టోపీ ఎత్తుకుపోయింది. రెండోది మెడ మీద గీరింది. మిగతావి గుండ్రంగా తిరుగుతూ అరుస్తుంటే అతను అరచేతులు నెత్తిన పెట్టుకుని ఫైరు షెడ్డులోకి దూరాడు. పిట్టలదొర జీపులో కూర్చుని దుర్భిణిలోంచి మొత్తం చూశాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆకలేసింది.

అప్పట్నుంచి మేనేజరు బతుకు అదే. గొడుగు పట్టుకుంటే గాలికి ఎగిరిపోయేది. చివరికి పెద్ద గిన్నె మూతకి తాడు కట్టి నెత్తిన పెట్టుకున్నాడు. కోటు మానేద్దామంటే మెస్ మేనేజరు తెల్లకోటు వేసుకుని తీరాలని నిబంధన. స్థావరమంతా ఆ మూతను చూసి నవ్వడమే. ఒకరోజు తిన్నగా పిట్టలదొర గదికే వచ్చాడు.

"దొరా, నా మేడ మీద గద్దలు చేరాయయ్యా. నాలుగు తూటాలు పేల్చి తోలిపెట్టు."

"దరఖాస్తు పెట్టండి మేనేజరుగారూ."

"దరఖాస్తేంటి, మనలో మనకి?"

"మూడు ప్రతులు. ఏ రకం గద్ద, ఎన్ని, ఏ వేళకి వస్తున్నాయి, అన్నీ రాయాలి."

మూడు ప్రతులు రాసి తెచ్చాడు. పిట్టలదొర నిదానంగా, ఒక్కో మాటకీ వేలు పెట్టి చదివి, వెనక్కిచ్చాడు.

"నా పరిధి రన్‌వే కంచె లోపలే. క్వార్టర్లు నాకు రావు. ఎవడి పని వాడు చేసుకుంటే దేశం బాగుపడుతుంది కదండీ."

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది మేనేజరుకి. ఎక్కడో గుర్తురాలేదు. గుర్తు రాకపోవడంతో పిట్టలదొరకి ఇంకా మండింది.

ఇలా మూడేళ్లు. పగకి ఒక జబ్బుంది. సాగుతున్నంతకాలం అది పక్కకి చూడదు. ఈ ఏడు ఎండాకాలం కొత్త కమాండరు వచ్చాడు. నల్ల తారు మీద పొద్దంతా నిలబడే మనుషులకి ముదురు ఖాకీలెందుకు, వేడికి చస్తారని పలచటి తెల్లకోట్లు తెప్పించాడు. మంచి మనిషి, మంచి ఆలోచన. లారీలోంచి ఆ మూటలు దింపుతుంటే పిట్టలదొర పక్కనుంచే పోయాడు. మూటల్లో ఏముందని అడగలేదు.

రెండ్రోజుల తర్వాత, పొద్దున పదిన్నరకి, సెలవుల నుంచి తిరిగొస్తున్న ఇరవైముగ్గురు జవాన్లతో రవాణా విమానం దిగడానికి వస్తోంది. దాన్ని నిలిపే చోట ఆరుగురు మనుషులు, మొదటిసారి తెల్లకోట్లలో, వరసగా నిలబడ్డారు.

ఉత్తరం కొసన ఉన్న పిట్టలదొరకి రేడియోలో టవరు గొంతు వినిపించింది. "బర్డ్ వన్, బర్డ్ వన్! క్వార్టర్ల వైపు నుంచి గద్దలు రన్‌వే దాటుతున్నాయి. నలభై. ఎక్కువే ఉండొచ్చు. ఏం జరుగుతోంది అక్కడ?"

తలెత్తి చూశాడు. తన గద్దలు. ముసలి తోక ఊడినది ముందు. ఆరు తెల్లకోట్ల వైపు.

అప్పుడు తెలిసింది అతనికి. పక్షికి కోటు తెలుసు. లోపలున్నది పగవాడా, పసివాడా, దానికేం తెలుసు?

టవరు విమానాన్ని దిగనివ్వకుండా పైకి పంపేసింది. ఎదురుగాలిలో వచ్చిన విమానం అది. ఇంకొక్క చుట్టుకే ఇంధనం ఉందని పైలట్ చెప్పాడు. వేరే రన్‌వే ఏదీ అందే దూరంలో లేదు.

"కోట్లు విప్పించండి!" అని రేడియోలో అరిచాడు పిట్టలదొర.

"ఏంటి? మళ్లీ చెప్పు."

"ఆ ఆరుగురి కోట్లు విప్పించండి సార్, దణ్ణం పెడతా!"

గద్దల దెబ్బకి వాళ్లే విప్పి పారేశారు. గద్దలు కింద పడ్డ కోట్ల మీద వాలి పీకుతున్నాయి, లేస్తున్నాయి, మళ్లీ రన్‌వే మీద చక్కర్లు కొడుతున్నాయి. మందుగుండు పేల్చాడు. లాభం లేదు. తిండి దొరుకుతుందన్న నమ్మకం ముందు చప్పుడెంత? ఆ నమ్మకం మూడేళ్లు కూర్చుని నేర్పింది తనే.

జీపు క్వార్టర్ల వైపు తిప్పాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి భార్య అక్కడే నిలబడి ఉంది. ఆకాశం చూసి ఆమెకి ముందే అర్థమైంది. ఒక చేతిలో కోటు, ఒక చేతిలో ఎలుకల బకెట్టు.

"తోలేదెవరు?" అంది. అతను వెనక నిలబడి విసరాలి, ఈల వేయాలి. ఆమెకి బండి రాదు. వీధిలో ఇంకో ప్రాణి లేదు, గిన్నె మూత నెత్తిన పెట్టుకుని గోడ పక్కన నక్కి చూస్తున్న మెస్ మేనేజరు తప్ప.

"ఎక్కు!" అన్నాడు పిట్టలదొర.

"నేనా?"

"విమానంలో ఇరవైముగ్గురున్నారు. ఎక్కి స్టీరింగ్ పట్టుకో!"

మేనేజరు ఎక్కాడు. పిట్టలదొర వెనక నిలబడి కోటు తొడుక్కుని, ఒక పొడుగు ఈల, రెండు పొట్టి ఈలలు వేశాడు. ఆకాశంలో గద్దలన్నీ ఒక్కసారి తలలు తిప్పాయి. మొదటి ఎలుకను పైకి విసిరాడు.

"ఎటు పోవాలి?" అన్నాడు మేనేజరు, మూత పట్టుకుని.

"ఎంగిళ్ల గొయ్యికి."

"అదెటు?"

పిట్టలదొర నవ్వలేదు. "గేటు దాటి ఎడమకి. నాలుగు కిలోమీటర్లు. నెమ్మదిగా పోనీ, అవి వెనకబడకూడదు."

కంచె దాటాక మేనేజరు అద్దంలోకి చూశాడు. అద్దం నిండా తన కోటు. జేబు మీద ఎర్రగీత, ముందుకి పొడుచుకొచ్చిన పొట్ట. ఈల మళ్లీ వినిపించింది. నెత్తి మీద నలభై గద్దలు.

"ఆ కోటు..."

"ముందు చూసి తోలు."

"నువ్వా? మూడేళ్లూ నువ్వా?"

"నేనే. గేరు మార్చు, బండి మూలుగుతోంది."

వెనక ఎక్కడో విమానం దిగిన చప్పుడు వినిపించింది. చక్రాలు నేలను ముట్టుకున్న ఆ కీచు, తర్వాత ఇంజన్లు తగ్గిన హోరు. పిట్టలదొర బకెట్టు మీదికి వంగి కాసేపు అలాగే ఉండిపోయాడు. మళ్లీ లేచి విసిరాడు.

గొయ్యి వచ్చింది. బండి ఆగింది. బకెట్టులో మిగిలినదంతా గొయ్యిలో కుమ్మరిస్తే గద్దలన్నీ దాంట్లోకి దిగాయి. మేనేజరు వెనక్కి తిరిగాడు.

"నీ ఉద్యోగం ఊడగొడతా. జైల్లో పెట్టిస్తా. మూడేళ్లు నన్ను కుక్కని చేశావు కదరా!"

"నీకు మూడేళ్లు. నాకు పధ్నాలుగు." పిట్టలదొర చేతి గడియారం చూసుకున్నాడు. "ఎంతసేపు పట్టింది రావడానికి?"

"ఏంటీ?"

"తొమ్మిది నిమిషాలు. నెమ్మదిగా తోలితే తొమ్మిది. ఆ తొమ్మిది నిమిషాలకి బద్ధకించావు నువ్వు. మా బావమరిదికి ఇరవైయారేళ్లు. బండి చక్రాలకి నీ అన్నం మెతుకులున్నాయి. చూడు, ఇదే గొయ్యి. ఎప్పుడైనా చూశావా? బాగా చూసుకో."

మేనేజరు చూడలేదు. స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

రెండో విచారణకి పిట్టలదొరే వెళ్లి అంతా చెప్పాడు. కోటు బల్ల మీద పెట్టాడు. కొత్త కమాండరు దూది పొట్టను వేలితో నొక్కి చూసి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాడు, ఆ వెంటనే ఇరవైముగ్గురు గుర్తొచ్చి మొహం గట్టిపడింది.

"ఎంత పని చేశావో తెలుసా?"

"తెలుసు సార్. విమానం విషయంలో తప్పు పూర్తిగా నాది. ఏ శిక్షయినా వేయండి. మేనేజరు విషయంలో మాత్రం తప్పు చేశాననిపించలేదు. అడిగారు కాబట్టి చెప్తున్నాను."

"పశ్చాత్తాపం లేదా?"

"తిండి ఎక్కడ వేస్తే గద్ద అక్కడికొస్తుందని ఆ రోజు సీసాలో పెట్టి చూపించాను సార్. ముక్కు మూసుకున్నారు. ఇప్పుడు నలభై గద్దలతో చూపించాను. మరి ఆ రోజు రన్‌వే చివరికి వాటిని ఎవరు పిలిచారో అది కూడా అడగండి."

కమాండరు మేనేజరు వైపు తిరిగాడు. మేనేజరు పాత పాటే పాడాడు, గొంతు మాత్రం పలచబడింది. కమాండరు పాత ఫైలు తెప్పించి చదివాడు. ఆనాటి అధికారుల్లో ఇద్దరు పోయారు, ఒకాయన ఎక్కడున్నాడో తెలియదు. "తిరగదోడే అధికారం నాకు లేదు" అన్నాడు చివరికి. పిట్టలదొర ఉద్యోగం తీసేసి, క్వార్టరు ఖాళీ చేయడానికి నెలరోజులు గడువిచ్చాడు. తెల్లకోట్లన్నీ వెనక్కి పంపేశారు. మెస్సులో కూడా నిబంధన మార్చారు, ఇకమీదట గోధుమరంగు.

కానీ అప్పటికి గద్దలు కోటును దాటి పోయాయి. ఇరవైరెండో నంబరు మేడ తమదనుకున్నాయి. ఎలుకలు విసిరే చెయ్యి ఆగిపోయింది. కడుపు నిండిన గద్ద కన్నా ఆకలి గద్ద పదింతలు తెగిస్తుంది. మేనేజరు ఏ రంగు వేసుకుని గుమ్మం దాటినా దిగాయి. నెత్తి మీద ఏడు కుట్లు పడ్డాయి. కొత్తగా వచ్చిన కాపలాదారు ఉన్న మందుగుండంతా కాల్చి చేతులెత్తేశాడు. గూళ్లు కట్టాక వాటిని కదపడం తన తరం కాదన్నాడు.

ఇంకో పన్నెండు రోజుల్లో ఏడో నంబరు ఖాళీ అవుతుందనగా, మేనేజరు వచ్చాడు. తలకి కట్టు, దాని మీద తువ్వాలు. భార్యాభర్తలిద్దరూ నేల మీద కూర్చుని గిన్నెలు పాత గుడ్డల్లో చుడుతున్నారు. అతను గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అయ్యా..." అన్నాడు. దొరా అనలేదు. "నాకింకా మూడేళ్ల సర్వీసుంది. ఈ గద్దల మధ్య బతకలేను. నీకు దణ్ణం పెడతాను. వాటిని తీసుకుపో."

పిట్టలదొర గిన్నె చుట్టడం ఆపలేదు. "వాటిని గొయ్యికి అలవాటు చెయ్యాలి. రోజూ పదకొండింటికి అక్కడ నిలబడి ఈల వేసి తిండి పెట్టాలి. పది, పన్నెండు రోజులు పడుతుంది."

"చేస్తావా?"

జవాబు అతని నోటి దాకా వచ్చింది. ఏమని వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే భార్య అడ్డుపడింది.

"ఆయన్నెందుకు అడుగుతావు? నన్నడుగు. పోయింది నా తమ్ముడు." ఆమె లేచి నిలబడి చీర దులుపుకుంది. "ఆ రోజు ఈయన పడుకున్నాడా?"

మేనేజరు నేల చూశాడు. మేడ వైపు నుంచి గద్ద ఒకటి అరిచింది.

"లేదమ్మా."

"ఏం లేదు? పూర్తిగా చెప్పు."

"పడుకోలేదు. జీపు ఉత్తరం కొసన ఉంది. నేను... చూడనే లేదు. అబద్ధం చెప్పాను. ఎంగిళ్లు కాలవలో వేయించింది నేనే."

పిట్టలదొర చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అతను మేనేజరును చూడలేదు. భార్యను చూశాడు. ఆమె ఇటు తిరగలేదు. వీపు మాత్రం కనిపిస్తోంది, ఆ వీపు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడు మేనేజరు. "ఇక ఆయన్ని పంపిస్తావా?"

"అయిపోవడమేంటి? నాకొక్కదానికి చెప్పి వెళ్లిపోతావా? నువ్వు ఆ మాట నా చెవిలో చెప్పలేదుగా. వీధి వీధంతా చెప్పావు. పధ్నాలుగేళ్లు ఈ వీధిలో ప్రతి నోరూ నన్ను చూసి 'పాపం' అంది. నేను కూడా..." ఆగింది. "పద."

"ఎక్కడికి?"

"ఒకటో నంబరు నుంచి మొదలుపెడదాం."

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. నా పరువు..."

"కాళ్లు తర్వాత పట్టుకుందువు గాని. ముందు నోరు తెరువు."

ఆదివారం కావడంతో మగవాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. ఆమె ముందు నడిచింది. అతను తువ్వాలు కిందికి లాక్కుని వెనక నడిచాడు. ఆమె తలుపు తట్టడం, ఎవరో బయటికి రావడం, మేనేజరు గొంతు. "ఆ రోజు పక్షుల కాపలాదారు నిద్రపోలేదు. నేను అబద్ధం చెప్పాను." తర్వాత ఇంకో తలుపు. పిట్టలదొర తన గుమ్మంలో నిలబడి ఆ వాక్యాన్ని విన్నాడు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. మేనేజరు దాన్ని గబగబా మింగేసినప్పుడల్లా ఆమె మళ్లీ మొదట్నుంచి చెప్పించేది. పదో ఇంటి దగ్గర అతని గొంతు పట్టేసింది. ఆమె ఆ ఇంట్లోవాళ్లనే చెంబుడు నీళ్లడిగి తాగించింది. తాగడం కాగానే, "పద, ఇంకా పదకొండున్నాయి" అంది.

పన్నెండో నంబరు బెలూన్లు ఎగరేసే వాతావరణం గది ఆయనది. ఆయన తలుపు తీసి, విని, నోరు వెళ్లబెట్టాడు.

"ఈయనకి కాస్త చెముడు" అంది ఆమె మేనేజరుతో. "గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాడు.

"ఇంకొంచెం."

మూడుసార్లు చెప్పించింది. మూడోసారి ఆ అరుపు ఎదురు వరసలో చివరి ఇంటి దాకా వినిపించింది. ఆయనకి చెముడు లేదని వీధిలో ప్రతివాళ్లకీ తెలుసు.